కారు నెత్తిన కడప

ఎర్రగుడ్డ ఉందో ఎగిరిపోయిందో అద్దంలో తెలియడం లేదు, అద్దం నిండా వాసాల కొసలే, అది గుడ్డ కూడా కాదు నా దుపట్టా, బండి వెనక కట్టె పొడుచుకొస్తే కొసకు ఎర్రది కట్టాలట, అంత తెలిసిన మనిషి కోరుట్లలో బయలుదేరేటప్పుడే ఒక పేలిక పడేసుకోవచ్చు కదా, సిరిసిల్లలో తాళ్లు బిగించబోతుంటే గుర్తొచ్చి నా భుజం వంక చూశాడు, ఇరవై రెండేళ్ల కాపురంలో నా దుపట్టాను ఆయన అంత శ్రద్ధగా చూడటం అదే మొదలు, నాహీద్, గది ఎర్రగనే ఉన్నది గదా అన్నాడు, ఉన్నది, ఇప్పుడది మా పాత మారుతి వెనక గాలికి కొట్టుకుంటోంది, నేను ఆయన చేతిరుమాలు తలకు కట్టుకుని కలుపుకు పోయేదానిలా ముందు సీట్లో కూర్చున్నాను, దిగుదామన్నా లేదు, తాడు ఈ కిటికీలోంచి దూరి ఆ కిటికీలోంచి బయటపడి పైన ముడిపడింది, మేం లోపల కూర్చున్నాకే కట్టె అమ్మిన సమ్మయ్య బయటనుంచి కట్టాడు, తలుపులు తెరుచుకోవు, కోరుట్ల దాక దిగే పనేమున్నది అన్నాడు మా ఆయన, మొహసిన్ సార్, లెక్కల మాస్టారు, ఆయన లెక్కలో మనిషికి దాహం వేయడం, కాళ్లు తిమ్మిరెక్కడం ఉండవు, వేములవాడ దాటాం, రోడ్డు మీద సగం మక్కజొన్నలు ఎండబోశారు, మిగిలిన సగం మాది, బస్సు ఒక్కటి లేదు, సమ్మె మొదలై నెల దాటింది, బస్సులు లేని రోడ్డు ఇంత వెడల్పా అనిపిస్తుంది, అప్పుడప్పుడు ఒక ఆటో, ఒక బైకు, మమ్మల్ని దాటి పోతూ వెనక్కి తిరిగి చూస్తారు, చూడరా మరి, చీమ మిడతను నెత్తిన పెట్టుకుని పోతున్నట్టుంది మా వాలకం.

సకల జనుల సమ్మె అన్నారు, బడి బంద్, ఆఫీసు బంద్, బొగ్గు బావి బంద్, బాగానే ఉంది, కాని సమ్మెలో ఉన్న మాస్టారు ఇంట్లో ఏం చేస్తాడన్నది ఏ జేఏసీ వాళ్లూ ఆలోచించలేదు, మొదటి వారం ధర్నాలకు పోయాడు, కారు నంబరు పలకమీద ఏపీ చెరిపి టీజీ అని తన చేత్తో రాసుకున్నాడు, రెండో వారం నా వంటింటి డబ్బాలకు చీటీలు అంటించాడు, ఉప్పు అన్న చీటీ ఉప్పు డబ్బాకే అంటించాడు అంతవరకు నయం, మూడో వారం కందిపప్పు కుక్కర్లో ఎన్ని కూతలకు ఉడుకుతుందో కాగితం మీద గీతలు గీయడం మొదలుపెట్టాడు, ఇక లాభం లేదని నేనే ఒకరోజు చాయ్ ఇస్తూ, సిరిసిల్లలో ఎవరిదో పాత ఇల్లు కూలగొడుతున్నారట, కట్టె అగ్గువకు ఇస్తారట అన్నాను, ఎవరిదో అన్నాను చూడండి, అది అబద్ధం కాదు, నిజం కూడా కాదు, అగ్గువ అన్న మాట వింటే మా ఆయన నిద్రలోంచి లేస్తాడు, కొత్తిమీర కట్ట దగ్గర అరగంట నిలబడే మనిషి, సరే పోదాం అన్నాడు, ఎంత కట్టె, ఏం కట్టె, ఎవరిల్లు అని ఒక్క మాట అడగలేదు, నా తెలివికి నేనే మురిసిపోయాను, మనిషిని ఏ తాడుతో కట్టాలో తెలిసినదాన్ని అనుకున్నాను.

ఎవరిల్లో నాకు తెలుసు, అమ్మీ ఫోన్ చేసి చెప్పింది, మా అమ్మ జులేఖాబీకి సిరిసిల్లలో ఏ ఇంటి కప్పు ఎప్పుడు దిగుతుందో మున్సిపాలిటీ కన్నా ముందు తెలుస్తుంది, బేటీ, ముత్తవ్వోళ్ల ఇల్లు పోతున్నది, అబ్బాది గా ఒక్కటే మిగిలింది అంది, అంతే అంది, అబ్బా అంటే మా నాన్న, వడ్రంగి, ఆయన చేసిన దర్వాజలు మొత్తం పదిహేడు, మా వీధి మొదలు నుంచి మరమగ్గాలాడే సాంచాల ఖార్ఖానా దాకా, నేను లెక్కపెడుతూ బడికి పోయేదాన్ని, ఒక్కొక్కటే పోయాయి, ఇల్లు కూల్చి సాంచాల షెడ్డు వేసినప్పుడు రెండు, స్లాబులు పడినప్పుడు ఐదో ఆరో, అందరి ఇళ్లకు టేకు దర్వాజలు నిలబెట్టిన లతీఫుద్దీన్ ఇంటికి మాత్రం రేకు తలుపు, తర్వాత చేసుకుందాం అనేవాడు, ఆ తర్వాత అన్నది రాకముందే పోయాడు, ఆరేళ్లయింది, పనిముట్లు ఎవరెవరో తీసుకుపోయారు, మా ఇంట్లో ఆయన చేతి పని అంటే ఒక చపాతీ కర్ర, అది కూడా నేను ఒకసారి పొయ్యి దగ్గర పెట్టి సగం కాల్చాను.

ముత్తవ్వ దర్వాజ నా ముందే తయారైంది, నా ముందేమిటి, నా కిందే, అబ్బాకు చెక్కను పట్టి ఉంచే శికంజా లేదు, నన్ను కూర్చోబెట్టేవాడు, పదేళ్ల పిల్ల బరువు సరిగ్గా సరిపోతుందట, కదలకు బేటీ, ఎక్కం చెప్పుకో అనేవాడు, నేను టేకు చెక్క మీద కాళ్లు వేలాడేసుకుని పదమూడో ఎక్కం చెబుతుంటే ఆయన ఉలి మీద ఒక్కో అంకెకు ఒక్కో దెబ్బ వేసేవాడు, నేను తప్పు చెబితే దెబ్బ ఆగేది, ఆయనకు ఎక్కాలు రావు, ఐనా ఆగేది, ఎలా తెలిసేదో ఇప్పటికీ నాకు తెలియదు, నా గొంతులో తెలిసేదేమో, రందాతో చిత్రిక పడుతుంటే చెక్క పొరలు చుట్టలు చుట్టలుగా లేచి నా ఒళ్లో పడేవి, టేకు వాసన, జగిత్యాలలో డిగ్రీ చదివేటప్పుడు శనివారం సాయంత్రం బస్సు దిగితే సిరిసిల్ల బస్టాండులో అదే వాసన ముందు ఎదురొచ్చేది, తర్వాత అబ్బా కనబడేవాడు, జుట్టులో చెక్కపొట్టు, బీఏ చదివే బిడ్డ వస్తుందని చొక్కా మాత్రం ఉతికినది, అబ్బా పొట్టి మనిషి, ఐదడుగుల రెండంగుళాలు, ఆయన దర్వాజలన్నీ ఐదున్నర అడుగులే, తన ఎత్తు మీద నాలుగు వేళ్లు, అంతకన్న పొడుగు మనుషులు ఉంటారని ఆయనకు తోచలేదో, ఉన్నా వంగుతారులే అనుకున్నాడో, ఒక్క ఇనుప మేకు కొట్టేవాడు కాదు, అన్నీ కొయ్య చీలలే, మేకు తుప్పు పడ్తది బేటీ, కట్టె కట్టెను పట్టుకున్నట్టు ఇనుము పట్టుకోదు అనేవాడు.

కొలతలంటే నవ్వొస్తుంది, ఈ పక్కన కూర్చున్న లెక్కల మాస్టారు మొన్న మే నెలలో ముందరి గది కట్టించాడు, దర్వాజ కోసం గోడలో జాగా వదలాలి కదా, మేస్త్రీ పోశం మూడుసార్లు అడిగాడు, సారూ మళ్లొక్కసారి చెప్పు, ఐదున్నరనేనా, నువ్వే ఆరు ఉన్నవ్ అని, ఐదున్నరనే, కట్టు అన్నాడు ఈయన, కట్టాడు, కోరుట్లలో మా వాడకట్టంతా వచ్చి చూసి పోయింది, లెక్కల సార్ కొలత తప్పిండట అని, నేనేమైనా తక్కువ తిన్నానా, వచ్చినవాళ్లకు చాయ్ ఇచ్చి మరీ చెప్పాను, పిల్లలకు వేసే సున్నాలు ఇంటికి తెచ్చుకున్నాడు మా సార్ అని, ఐదు నెలలుగా ఆ కంతకు గోనె పట్టా వేలాడుతోంది, బజారులో అమ్మే దర్వాజ ఏదీ అందులో పట్టదు, గోడ పగలగొట్టి సరిచేద్దామంటే చూద్దాం అంటాడు, నేను ఎన్ని అన్నా ఒక్క మాట తిరిగి అనలేదు, తప్పు చేసినవాడి ఓర్పు అనుకున్నాను.

పొద్దున ముత్తవ్వ ఇంటి ముందు కారు ఆగేసరికి కప్పు దిగిపోయి ఉంది, కరెంటు కోతకు సాంచాలు ఆగిపోయి వీధంతా చెవుడొచ్చినట్టుంది, నేను పుట్టి పెరిగినప్పటినుంచీ ఆ చప్పుడు లేని సిరిసిల్లను చూడలేదు, కిటికీలు ఊచలతో సహా ముక్కలుగా పీకి పడేశారు, దర్వాజను మాత్రం చీలలు ఒక్కోటి తట్టి తీసి, మళ్లీ బిగించి, నిండు చట్రంగా గోడకు ఆనించి, పైన గోనెసంచి కప్పి ఉంచారు, అదృష్టం అనుకున్నాను, ముత్తవ్వ మొగుడు సమ్మయ్య, రా అల్లుడు సారూ అన్నాడు, ఆ వీధి ఆడపిల్ల మొగుడు వీధంతటికీ అల్లుడే, అల్లుడు సారు బేరం మొదలుపెట్టాడు, ఈ వాసం పుచ్చింది, ఈ చెక్క వంగింది, ఈ వాసానికి ఈ వంపు ఏ కోణమో కూడా చెప్పాడు, సమ్మయ్య జీవితమంతా నేసిన బట్టలో కూడా అన్ని లోపాలు ఎవరూ వెతికి ఉండరు, దర్వాజ దగ్గరికొచ్చేసరికి దాని మీద చేయి కూడా వేయలేదు, అటు తిరిగి, పాత కట్టె, జగిత్యాల కోత మిషన్ల శుక్రవారం నాడు అన్నీ కోపిస్త, అలమారలకు తప్ప దేనికి పనికొస్తది అన్నాడు, కోపిస్త అన్న మాట నా పక్కటెముకల మీదుగా పోయింది, నేను నోరు తెరిచి ఇది మా అబ్బాది, నాకు కావాలి అనొచ్చు, అంటే ఏమవుతుంది, సమ్మయ్య ధర పెంచుతాడు, మా ఆయన ధర పెరిగిందని వదిలేస్తాడు, నేను ఊరుకున్నాను, ముత్తవ్వ గిన్నెలో పసుపు తడిపి తెచ్చింది, దర్వాజ అడుగున కడప, అదే గడప, నిండా పూసింది, కుంకుమ పెట్టింది, ఇడిసిన ఇంటి కడపకు ఇంకెందుకే అని సమ్మయ్య అంటే, ఉత్తగ పోనిస్తనా, ముప్పై మూడేండ్లు నా కాళ్ల కింద పడి ఉన్నది, ఒక్క నాడు నన్ను తన్నలేదు, నువ్వు తన్నినవ్ గాని అంది, తర్వాత నా చెవి దగ్గరకొచ్చి, జాగర్త బిడ్డా, మీ అయ్య కట్టె అంది, నేను తలూపాను, మా ఆయన తాడు చివర వెతుకుతున్నాడు, వినలేదనుకున్నాను.

శుక్రవారం అంటే ఇంకా రెండు రోజులు, రెండు రోజుల్లో ఏదో చేయాలి, చెదలు పట్టిందనాలా, ఆయన భూతద్దం పెట్టి చూస్తాడు, పక్కింట్లో దాచనా, ఐదున్నర అడుగుల దర్వాజను చీర మడతలో దాచలేం కదా, లేదా నాలుగు ఇనుప మేకులు దిగగొడితే, మేకు ఉన్న కట్టెను ఏ కోత మిషన్ వాడూ ముట్టడు, రంపం పళ్లు ఊడతాయి, భలే ఉపాయం, కాని అబ్బా జన్మలో మేకు కొట్టని దానికి నేను సుత్తి పట్టుకుని, నా వల్ల కాదు, ఆయన్నే చూస్తే, స్టీరింగు మీద వేళ్లతో ఏదో తాళం వేస్తూ హాయిగా ఉన్నాడు, ఈయనకేం గుర్తుంటుంది, పెళ్లయిన మర్నాడు అబ్బా ఈయన్ను వెంటబెట్టుకుని వీధిలోకి తీసుకుపోయాడు, మంచం, బీరువా చూపించే మామలుంటారు, మా అబ్బా పదిహేడు దర్వాజలు చూపించాడు, ఒక్కొక్కదాని దగ్గర నిలబెట్టి, ఇది ఫలానా ఏడాదిది, ఇది ఫలానా అడవి కట్టె అని, కొత్త పెళ్లికొడుకు ఆరడుగులు, షేర్వాణీ, ముత్తవ్వ చాయ్ తాగిపోండ్రి అంటే లోపలికి పోబోయి నుదురు టకామని కొట్టుకున్నాడు, నా దర్వాజకు సలాం చెయ్యకుంటే అదే చేయించుకుంటది అని అబ్బా నవ్వాడు, వలీమా విందు ఫోటోల్లో మా ఆయన నుదుటిమీద నిమ్మకాయంత బొప్పి, మల్లెపూల తెర పక్కకు జరిగినప్పుడల్లా కనబడుతుంది, ఆ ఆల్బమ్ ఎక్కడుందో, ఈయన వేళ్లు తాళం వేయడం ఎందుకు ఆపాయి.

చందుర్తి, రోడ్డుకు అడ్డంగా రాళ్లు, రాళ్ల మీద పెద్ద పెద్ద వంట డేగిసలు, పొగ, డప్పులు, వంటావార్పు, రోడ్డు మీదే వండి రోడ్డు మీదే తిని రోడ్డును ఆపడం, ఎవరింటినుంచి ఏం ఉంటే అది తేవాలి, బియ్యం, పప్పు, ఉల్లిగడ్డ, కట్టెలు, నాకు వెంటనే తట్టలేదు, తట్టేసరికి ఆలస్యమైంది, మా ఆయనతో ఒకప్పుడు పని చేసిన రాజం సారు టీజీ పలక చూసి చేతులు చాపుతూ వచ్చాడు, చూసిండ్రా, మీరు ఒక్కో మోపు తెచ్చి ఫోటోలు దిగుతున్నరు, మొహసిన్ సార్ కారు నిండ కట్టెలేసుకొని అచ్చిండు అని అరిచాడు, చప్పట్లు, జై తెలంగాణ, నేను కిటికీలోంచి, సార్, అవి అట్లాంటివి కావు అంటున్నాను, డప్పుల్లో నా గొంతు నాకే వినబడటం లేదు, నలుగురు పోరగాళ్లు కారు మీద పడి ముడులు విప్పుతున్నారు, తాడు విప్పితే గాని నేను దిగలేను, తాడు విప్పితే దర్వాజ పోతుంది, నా మీదే, నా నెత్తి మీదే, రేకు కిరకిరమంటోంది, దర్వాజ అన్నిటికన్నా పైన ఉంది, ముందు అదే దిగుతుంది, అబ్బా, కదలకు బేటీ, ఎక్కం చెప్పుకో, పదమూడొకట్ల పదమూడు, ఎవడో గొడ్డలి తెమ్మంటున్నాడు, మంచి ఎండిన కట్టెరా, భగ్గుమంటది, మా ఆయనేమో కదలడు మెదలడు, సమ్మె చేసే మాస్టారు, అందరి ముందు నా కట్టె ఇవ్వనని ఎలా అంటాడు, తాడు నా ఒళ్లోంచి పాములా జారిపోయింది, తలుపు తెరుచుకుంది, దిగాను, చేతిరుమాలు ఊడి పడింది, అప్పటికే దర్వాజ రోడ్డు మీద పడుకుని ఉంది.

ఆగుండ్రి, అన్నది ఒక ముసలామె, చేతిలో అన్నం కలిపే పొడుగు తెడ్డు, ఆమె పేరు పోశవ్వ అని తర్వాత తెలిసింది, నాట్ల కూలీల ముఠాకు పెద్ద, ఆ తెడ్డును గొడ్డలికి అడ్డం పెట్టింది, కండ్లు కనవడ్తలేవార, తడి పసుపు ఇంక ఆరలే, కడపను పొయ్యిల పెడ్తరా, మీ ఇండ్లల్ల పెడ్తర్రా, తెలంగాణ అచ్చినంక యాడికెళ్లి లోపటికి పోతర్రా, గోడ దుంకి పోతరా అంది, పోరగాళ్లు వెనక్కి తగ్గారు, నేను నోరు తెరిచాను, ఇప్పుడైనా చెప్పాలి, కాని నా కన్నా ముందు పక్కనుంచి మా ఆయన గొంతు, నెమ్మదిగా, గది మా మామ చేసిన దర్వాజ అవ్వా, గదొక్కటి ఇడిసిపెట్టి అన్ని తీస్కోండ్రి, వాసాలు తీస్కోండ్రి, చెక్కలు తీస్కోండ్రి, అన్నాడు, అన్నీ అన్నాడు, కోణాలు కొలిచి, పుచ్చులు వెతికి, పొద్దంతా సమ్మయ్య ప్రాణం తీసి తెచ్చిన కట్టె, కొత్తిమీర దగ్గర అరగంట నిలబడే మనిషి, తానే వంగి మొదటి వాసం భుజాన వేసుకుని పొయ్యి దగ్గరికి మోశాడు, మా మామ చేసిన దర్వాజ అన్నాడు, నేను చెప్పలేదు, ముత్తవ్వ నా చెవిలో చెప్పింది, ఈయనకు ఎవరు చెప్పారు, పోశవ్వ దర్వాజ చుట్టూ ఒకసారి తిరిగి చూసింది, తెడ్డుతో కొలిచినట్టు చూసింది, గిది గింత పొట్టిగున్నది, నువ్వేమో తాడిచెట్టు లెక్కున్నవ్, ఏడ నిలవెడ్తవు సారూ అంది, జాగ చేసే పెట్టిన అవ్వా, అన్నాడు, అని నా వైపు చూడలేదు.

తినకుండా కదలనివ్వలేదు, ఇస్తరాకుల్లో అన్నం, పప్పు, పప్పులో టేకు పొగ వాసన, ముత్తవ్వ ఇంటి కప్పు ముప్పై మూడేళ్లు నలుగురిని ఎండకు వానకు కాచి చివరికి ఇంతమందికి బువ్వ ఉడికించింది, రాజం సారు నా పక్కన కూర్చుని, వదినె, మీ సార్ మనసు పెద్దదమ్మా అన్నాడు, నేను, అవును, ఈ మధ్యే పెరిగింది అన్నాను, పోశవ్వ నా ఆకులో ఇంకో గరిటె పప్పు పోసి, మీ నాయిన చేసిండా బిడ్డా, నీ కండ్లు చూస్తెనే ఎరుకైంది, గొడ్డలి పడితె నీ మీదనే పడ్తుండె అంది, నేను అన్నం కలుపుతూ ఉండిపోయాను, పొగ కళ్లలోకి వచ్చింది, పొగే.

ఇప్పుడు రుద్రంగి దాటి పోతున్నాం, కారు తేలికైంది, నెత్తిమీద ఒక్క దర్వాజే, వెల్లకిలా పడుకుని ఆకాశం వైపు తెరుచుకుని ఉంది, వెనక పొడుచుకొచ్చేది ఏమీ లేదు గనక దుపట్టా విప్పి, దులిపి, మడిచి నా ఒళ్లో పెట్టాడు, టేకు పొగ వాసన దానికీ పట్టింది, తాడు ఈసారి వెనక కిటికీలకే కట్టాడు, తలుపులు తెరుచుకుంటాయి, జాగ చేసే పెట్టిన అన్నాడు, ఏ జాగా, మా ఇంట్లో ఇంకో దర్వాజకు జాగా ఎక్కడుంది, మార్చిలో అమ్మీకి మందులివ్వడానికి ఈయన ఒక్కడే సిరిసిల్ల పోయాడు, ఆలస్యంగా తిరిగొచ్చాడు, ఎందుకంటే సమ్మయ్య చాయ్ తాగిపొమ్మన్నడు అన్నాడు, సమ్మయ్య కొడుకులు స్లాబు వేయాలనుకున్నది అప్పుడే, గోనెసంచి కప్పిన దర్వాజ, తట్టి తీసి మళ్లీ బిగించిన చీలలు, బేరంలో ఒక్కసారి కూడా చేయి వేయని దర్వాజ, ఎందుకు వేస్తాడు, దాని బేరం ఎప్పుడో అయిపోయింది, కోత మిషన్ మాట సమ్మయ్య కోసం కాదు నా కోసమే, నా మొహం చూడటానికి, ఎవరిదో ఇల్లు అన్నప్పుడు ఒక్క మాట అడగకుండా సరే అన్నాడే, నేను కట్టాననుకున్న తాడు కొస ఎవరి చేతిలో ఉంది, మే నెల, పోశం చేతిలో తాపీ, సారూ మళ్లొక్కసారి చెప్పు, నువ్వే ఆరు ఉన్నవ్, ఐదున్నరనే కట్టు, వాడకట్టంతా నవ్వింది, నేను చాయ్ పోసి నవ్వించాను, ఐదు నెలలు గోనె పట్టా ఎత్తుకుని ఆ కంతలోంచి వంగి వంగి పోయాడు వచ్చాడు, ఒక్క మాట అనలేదు, ఐదున్నర, అబ్బా ఎత్తు మీద నాలుగు వేళ్లు, తప్పు కొలత కాదు అది, పొద్దున బయటికి పోతూ, సాయంత్రం లోపలికి వస్తూ, బతికినన్నాళ్లూ మా అబ్బాకు సలాం చేయాలని ఈ ఆరడుగుల మనిషి ఎండాకాలంలోనే, నాకు చెప్పకుండా, గోడ కట్టించుకున్నాడు.